ఎర్రగీత తప్పు చూపింది

ఈసారీ ల్యాబ్ పరీక్ష తప్పితే తులసికి ఏడాది పోతుంది. ఆ దిగులు తులసి కంటే ఎక్కువగా షీబాను తినేస్తోంది.

విజయనగరం శివార్లలోని ఇంజనీరింగు కాలేజీలో షీబా ల్యాబ్ అసిస్టెంటు. నెల్లిమర్ల నుంచి రోజూ బస్సులో వస్తుంది. తులసి భావనపాడు పిల్ల. తండ్రి సముద్రం మీద వేటకెళ్తాడు, తల్లి చేపలమ్ముతుంది. ఇంటర్ దాకా తెలుగులోనే చదివింది. కాగితం మీద ప్రోగ్రాం చక్కగా రాస్తుంది. కంప్యూటర్ మీద మాత్రం, పేరు ఉండాల్సిన చోట అంకె పెట్టిన ఒక్క పొరపాటుకి, తప్పులు పట్టే కంపైలరు ఎనభై వరసల ఇంగ్లీషు కుమ్మరిస్తుంది. అది చూడగానే పిల్లకి చేతులు చల్లబడిపోతాయి. ఇప్పటికి రెండుసార్లు పరీక్ష మధ్యలో లేచి వచ్చేసింది.

అందుకని షీబా రెండు నెలలు కష్టపడి, ప్రోగ్రాం రాసుకునే ఎడిటర్‌కి ఒక హంగు అమర్చింది. తప్పున్న మాట కింద ఎర్రగీత, పక్కన తెలుగులో రెండే ముక్కలు: ‘ఇక్కడ పేరు కావాలి. నువ్వు అంకె ఇచ్చావు.’ మిగతా ఇంగ్లీషంతా కనబడకుండా తీసేసింది.

పరీక్షకి రెండు రోజుల ముందు తులసిని కూర్చోబెట్టి చూసింది. ఎర్రగీత పడింది, తులసి దిద్దింది. ఇంకోచోట పడింది. అక్కడా దిద్దింది. గంటన్నర గడిచేసరికి, బాగున్న ప్రోగ్రాం కాస్తా గుర్తుపట్టలేకుండా పోయింది.

“మీ గీత పడ్డ సోటల్లా మార్సాను గదండీ మేడమ్! ఇంకేటి సెయ్యమంటారు?” తులసి కుర్చీ వెనక్కి నెట్టింది. “నాకీ సదువు రాదు. మా బావ సెప్పినట్టు ఎండుసేపల యాపారానికే పోతాను.”

షీబా కంపైలరు ఇచ్చిన అసలు ఇంగ్లీషు సందేశం తెరిచి చదివింది. అరవయ్యో వరసలో ఉంది కారణం. అంకెల జాబితాని మొదట్లోనే పేర్ల జాబితా అని రాసేసింది తులసి. గీతలు పడ్డ చోట్ల మొదట రాసిందంతా సరైనదే. అనవసరమని షీబా కోసిపారేసింది ఆ అరవయ్యో వరసనే.

“తప్పు నీది కాదే, నాది” అని తలెత్తేసరికి తులసి లేదు. ఫోన్ చేస్తే ఎత్తలేదు.

మర్నాడంతా షీబా అన్నం ముట్టకుండా దాన్ని సరిచేసింది. తప్పు ప్రోగ్రాంలో ఏ నెంబరు వరసలో మొదలైందో చెప్పే తెలుగు ముక్క చేర్చింది. దాని కింద, నొక్కితే అసలు సందేశం మొత్తం తెరుచుకునేలా పెట్టింది. అన్ని కంప్యూటర్లలోనూ పెట్టడానికి హెడ్ గణపతిరావు ఒప్పుకున్నాడు గానీ, “తేడా వస్తే నీ ఉద్యోగం ఉండదమ్మా” అన్నాడు.

పరీక్షకి తులసి ఆఖరి నిమిషంలో వచ్చింది. షీబా వైపు చూడలేదు.

మాట్లాడే వీల్లేదు. షీబా గుమ్మం దగ్గర నిలబడింది. తులసి ముందు ఎర్రగీత పడింది. తులసి చేతులు వెనక్కి తీసుకుంది. పది నిమిషాలు. పదిహేను. నమ్మకం పోగొట్టింది తనే. ప్రభువా, అది లేచి వెళ్లిపోకుండా చూడు, అనుకుంది షీబా.

తులసి లేవలేదు. కింద నొక్కింది. ఎనభై వరసలూ తెరుచుకున్నాయి. తులసి తెర మీద వేలు పెట్టి, ఒక్కో వరసా కూడబలుక్కుంటూ కిందికి దిగింది. ఒకచోట వేలు ఆగింది.

బయటికొచ్చాక తనే చెప్పింది. “మీ తెలుగు ముక్క నమ్మబుద్ది కాలేదండి. కింద ఇంగిలీసులో కూడా అదే నెంబరు ఉన్నాది. అప్పుడు మార్సాను.”

“ఎప్పుడూ అలాగే సూసుకోవే” అంది షీబా, గోడకి ఆనుకుని.

తులసి బొటాబొటి మార్కులతో గట్టెక్కింది.