రెండు మూరల దూరం

రెండు మూరల దూరంలో గుంట. చేతిలో కర్ర, కాళ్ళ దగ్గర బంతి. దాన్ని లోపలికి నెట్టడానికి చదువక్కర్లేదు, కండబలమూ అక్కర్లేదు. నడక నేర్చిన పిల్లవాడైనా నెట్టేస్తాడు. కంటి డాక్టరు మాత్రం నెట్టలేకపోతున్నాడు.

గోల్ఫులో కష్టమైనవన్నీ ఆయనకు వచ్చు. చెట్లమీదుగా బంతిని లేపి నీటికవతల దింపగలడు. ఇసుక గోతిలోంచి ఒక్క దెబ్బకు బయటపడగలడు. తీరా గుంట చుట్టూ నున్నగా కత్తిరించిన గ్రీన్ మీదికి వచ్చి, ఇక లోపలికి తోస్తే అయిపోతుందనగా కుడి మణికట్టు ఉలిక్కిపడుతుంది. దానంతట అదే, ఆయన్ని అడక్కుండా. బంతి పక్కకు పోతుంది. ఏనుగు పోయి తోక చిక్కిందని క్లబ్బులో కొన్నాళ్ళు అందరూ నవ్వారు, తర్వాత నవ్వడం మానేశారు. ఆటగాళ్ళు ఈ జబ్బుకో పేరు పెట్టుకున్నారుగానీ ఎవరూ పైకి అనరు. అంటే తమకూ అంటుకుంటుందని భయం.

ఆడలేక మద్దెల ఓడన్నట్టు డాక్టరు ముందు కర్రనే అనుమానించాడు. పొడుగుది కొన్నాడు, పొట్టిది కొన్నాడు, పిడి లావుగా ఉన్నది కొన్నాడు. తర్వాత చేతుల పట్టు మార్చాడు. అదీ అయ్యాక మనసు మీద పడ్డాడు. ఆటగాళ్ళ మనసులకు తర్ఫీదునిచ్చే గురువొకాయన దొరికాడు. కళ్ళు మూయించి, ఊపిరి పీల్పించి, వదిలించి, చివరికి తేల్చాడు: "ఏమీ లేదు సార్. మనసు ఖాళీ చేసేయండి. చెయ్యి సంగతి అస్సలు తలుచుకోకండి." కోతిని తలుచుకోకుండా మందు తాగమన్నట్టే ఉంది వరస. అప్పటిదాకా ఉన్నది ఒక్క కోతి, గురువుగారి పుణ్యమా అని కోతుల మందే తయారైంది.

ఆటే అయితే పోయేది పరువు. దులిపేసుకుని ఇంటికి పోవచ్చు. కానీ ఆ చేయి పగలంతా జనం కళ్ళల్లో పనిచేసే చేయి.

ఆసుపత్రిలో ఆయన పేరు కబుర్ల డాక్టరు. శుక్లం తీసేటప్పుడు మనిషి మెలకువగానే ఉంటాడు. చుక్కల మందుతో కన్ను మొద్దుబారుతుంది, మొహం మీద గుడ్డ ఉంటుంది, పైన వెలుతురు తప్ప ఇంకేమీ కనబడదు. ఆ భయం పోవడానికి డాక్టరు కబుర్లు మొదలుపెట్టేవాడు. వాన సంగతులు, తన వంట నిర్వాకాలు, ఇప్పుడేం చేస్తున్నాడో, తర్వాతేం చేస్తాడో, నోటికేది వస్తే అది. బల్లమీది మనిషి కదలకుండా ఊ కొడుతూ ఉండగానే పని అయిపోయేది. సారు శుక్లాన్ని నోటితోనే తీస్తారనీ, చెయ్యి ఊరికే తోడొస్తుందనీ నర్సులు నవ్వుకునేవాళ్ళు.

ఈ మధ్య ఆ కబుర్లు ఆగిపోయాయి. సూక్ష్మదర్శినిలోంచి ఆయన చూస్తున్నది కన్నును కాదు, తన చేతిని. ఇప్పుడు అదురుతుందా, ఇదిగో ఇప్పుడు అదురుతుందా అని. అక్కడ ఇంకా అదరలేదు. ఆ 'ఇంకా' అనే మాటే గొంతులో ముల్లులా ఉండిపోయింది. "ఏం సార్, గొంతు బాగాలేదా?" అని పెద్ద నర్సు అడిగితే అవునన్నట్టు తలూపాడు.

గోరుచుట్టు మీద రోకటిపోటు అత్తగారి కన్ను. ఆవిడకు ఒక కన్ను నీటికాసుల జబ్బుతో ఎప్పుడో పోయింది. రెండోదానికి శుక్లం ముదిరిపోయి మనుషులు నీడల్లా కనబడుతున్నారు. ఫలానా పెద్ద డాక్టరుకు చూపిద్దామని అల్లుడే అన్నాడు. "ఇంట్లో కంసాలిని పెట్టుకుని బజారులో కుట్టించుకుంటానా చెవులు? చేస్తే మీరే చెయ్యాలి అల్లుడుగారూ," అని ఆవిడ తేల్చేసింది. పక్కన భార్య మొహం గర్వంతో వెలిగిపోతుంటే డాక్టరు కక్కలేక మింగలేక నిలబడ్డాడు. ఆపరేషను రేపు పొద్దున. క్లబ్బు ఫైనలు ఇవాళ.

అందుకని తనలో తనే ఒక పందెం వేసుకున్నాడు. ఇవాళ రెండు మూరల బంతి రాక తప్పదు. చేయి అదిరిందా, రాత్రికి భార్యకు అంతా చెప్పేసి, అత్తగారిని వేరేవాళ్ళకు అప్పగించి, తను కత్తి పట్టడం మానేయాలి. రేపటికే కాదు, ఎప్పటికీ. తలా తోకా లేని పందెమని మీకూ నాకూ అనిపిస్తుంది. భయపడినవాడి లెక్కలన్నీ అలాగే ఉంటాయి.

ఫైనల్లో ఎదుటివాడు ఎవరో కాదు, సొంత బావమరిది. లాయరు. గొంతు చించుకుని కేసులు గెలిచే రకం కాదు. ఒక ప్రశ్న వేసి నోరు మూసుకుంటాడు, ఆ నిశ్శబ్దం భరించలేక సాక్షి తనంతట తనే అన్నీ కక్కేస్తాడు. బావా బావమరుదులిద్దరూ ఏళ్ళ తరబడి ఒకరినొకరు ఆటపట్టించుకుంటూ ఆడుకున్నవాళ్ళే.

ఏ గుంటకా గుంట గెలుపోటములు లెక్కపెట్టే ఈ ముఖాముఖి పోటీలో ఒక పద్ధతి ఉంది. ఎదుటివాడి బంతి గుంటకు బాగా దగ్గరగా ఆగితే "ఇచ్చేశాను, తీసుకో" అనవచ్చు. అన్నారంటే అది పడినట్టే లెక్క. ఒకసారి ఇచ్చాక వెనక్కి తీసుకోవడానికి లేదు, పుచ్చుకునేవాడు వద్దనడానికీ లేదు. ఏడాదిగా లాయరు బావగారి చిన్న బంతులన్నీ అలా ఇచ్చేస్తూనే ఉన్నాడు. ఇవాళా పొద్దున్నుంచీ అదే వరస. పదిహేను గుంటలు అయ్యేసరికి డాక్టరు ఒక గుంట ఆధిక్యంలో ఉన్నాడు, పందెపు బంతి మాత్రం ఇంకా రాలేదు.

పదహారో గ్రీన్ మీద వచ్చింది. బంతి గుంటకు రెండు మూరల ఇవతల ఆగింది. డాక్టరు అలవాటుగా బావమరిది వంక చూశాడు. లాయరు టోపీ సర్దుకుని, మెల్లిగా అడిగాడు.

"చెయ్యెలా ఉంది బావా?"

డాక్టరు తెలియనట్టు అడిగాడు. "చేతికేమైందిరా?"

"ఏడాదిగా నీకు అన్నీ ఎందుకిచ్చేస్తున్నాననుకున్నావు? మర్యాదకా? నా మొహానికి మర్యాదొకటా?"

"మీ అక్కకి తెలుసా?"

"నేను చెప్పలేదు. నువ్వే చెప్తావని చూస్తున్నా. పొద్దున అమ్మని బల్లమీద పడుకోబెడతావు. ఉన్నది ఒక్క కన్ను బావా."

"థియేటర్లో ఒక్కసారి కూడా అదరలేదు."

"రేపు కూడా అదరదని చెప్పు. నీ నోటితో ఒక్క మాట చెప్పు చాలు. ఇంక నేనేమీ అడగను."

అడిగి నోరు మూసుకున్నాడు. డాక్టరుకు ఒళ్ళు మండిపోయింది. ఇన్నేళ్ళ చుట్టరికంలో నన్నిలా బోనెక్కిస్తావా అని అరవాలనిపించింది. కానీ నోరు తెరిస్తే రావలసిన మాట రాలేదు. అబద్ధమాడటానికి అదేమీ పన్ను నొప్పి కాదు, అత్తగారి కన్ను.

"సరే అయితే," అన్నాడు లాయరు. "ఇక ఏదీ ఇవ్వను. అన్నీ కొట్టే చూపించు."

డాక్టరు బంతి మీదికి వంగాడు. మణికట్టు చేప కొట్టుకున్నట్టు కొట్టుకుంది. బంతి గుంటను పలకరించనైనా పలకరించకుండా పక్కనుంచి పోయింది. ఆట సమానమైంది.

పందెం అక్కడే ఓడిపోయాడు. లెక్క ప్రకారం అక్కడితో అంతా అయిపోవాలి. కానీ మనిషన్నాక ఉరికంబం మీద కూడా ఇంకో మెట్టుందేమోనని తడుముకుంటాడు. అది పందెం కాదు, నన్ను రెచ్చగొట్టాడు కాబట్టి అదిరింది, ఇంకొకటి చూద్దాం అని తనకు తనే వాయిదా ఇచ్చుకున్నాడు. పదిహేడో గుంటలో దూరం నుంచి దొర్లించిన బంతి దాదాపు గుంట అంచునే ఆగింది. దాన్ని అదిరే చేయి కూడా తప్పించలేదు. ఆ గుంట ఇద్దరికీ సమానం.

ఆఖరిదైన పద్దెనిమిదో గ్రీన్ క్లబ్బు వరండా ముందే. కుర్చీలు వేసుకుని జనం కూర్చున్నారు. ముందు వరసలో అత్తగారు, పక్కన ఆవిడ చేయి పట్టుకుని డాక్టరు భార్య. అత్తగారికి ఆటా తెలియదు, కళ్ళూ కనబడవు. కొడుకూ అల్లుడూ కొట్టుకుంటున్నారంటే చూడకుండా ఎలా ఉంటానని వచ్చింది. ఆటగాడు కొట్టేటప్పుడు ఎవరూ కిక్కురుమనకూడదని కూతురు పదేపదే చెబితే, నోటికి తాళం వేసుకున్నానని ఒట్టు పెట్టింది.

లాయరు నాలుగు దెబ్బల్లో ముగించేశాడు. డాక్టరు మూడో దెబ్బకు బంతి గుంట దగ్గర ఆగింది. అందరూ మెడలు చాచి చూశారు. రెండు మూరలు. ఇది పడితే ఆట ఇంకో గుంటకు సాగుతుంది. పడకపోతే కప్పు బావమరిదిది. కప్పు సంగతి డాక్టరుకు గుర్తే లేదు.

బావమరిది వంక చూశాడు. లాయరు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "ఇచ్చేశాను" అనే మాట ఆ మొహంలో ఎక్కడా లేదు.

డాక్టరు వంగాడు. నిశ్శబ్దం చెవుల్లో హోరెత్తింది. అందులో తన గొంతే తనకు వినబడింది: ఇప్పుడు అదురుతుంది. లేచి నిలబడ్డాడు. ఊపిరి పీల్చి మళ్ళీ వంగాడు. ఇదిగో, ఇప్పుడు. మళ్ళీ లేచాడు. జనంలో ఎవరో ఇబ్బందిగా కుర్చీలో కదిలారు. మూడోసారి వంగాడు. చేతివేళ్ళు తనవి కానట్టున్నాయి. భార్యకు ఏ మాటతో మొదలుపెట్టి చెప్పాలో కూడా ఆలోచించుకుంటున్నాడు.

"ఏమిటే ఈ నిశ్శబ్దం? ఎవరైనా పోయారా?"

అత్తగారి గొంతు. జనం ఉలిక్కిపడ్డారు. క్లబ్బు అధికారి చెయ్యెత్తాడు. "అమ్మా!" అని కూతురు పళ్ళు కొరికింది.

"ఉండవే. ఎంతసేపని కూర్చోను ఈ చీకట్లో? అల్లుడుగారూ, ఎక్కడున్నారు? ఏం చేస్తున్నారు?"

డాక్టరు తలెత్తలేదు. గొంతు మాత్రం దానంతట అదే పలికింది. ఆసుపత్రి గొంతు, ఇన్నాళ్ళూ మూగబోయిన గొంతు.

"ఇక్కడే ఉన్నానమ్మా. మీ ఎదురుగానే. కంగారు పడకండి."

"నాకు కనబడదు కదా, చెప్పండి. ఊ కొడతాను."

అధికారి ఏదో అనబోయాడు. ఆటగాడే మాట్లాడుతుంటే ఆపడానికి ఏ నిబంధన ఉందో ఆయనకు తోచలేదు.

"బంతి నా కాళ్ళ దగ్గరుందమ్మా. తెల్లగా ఉంది."

"ఊ."

"గుంట కొంచెం అవతల. నేల ఎడమవైపుకి కాస్త వాలుగా ఉంది. అందుకని నేను కుడివైపుకి చూస్తున్నా."

"ఊ. ఎంత దూరమేమిటి?"

"రెండు మూరలు."

"ఓస్, దానికా ఇంతమందీ నోళ్ళు మూసుకుని కూర్చున్నది!"

నవ్వులు లేచాయి. డాక్టరూ నవ్వాడు. "అదేనమ్మా నాకూ అర్థం కావట్లేదు, ఇప్పుడు కర్ర మెల్లిగా వెనక్కి తీస్తున్నా, మెల్లిగా ముందుకి..."

"ఊ."

మాట ఇంకా నోట్లో ఉండగానే బంతి కదిలింది. తను ఎప్పుడు కొట్టాడో ఆయనకు తెలియలేదు. బంతి గీత గీసినట్టు వెళ్ళింది. గుంట అంచు ఎక్కింది, అంచు వెంబడే తిరిగింది, తిరిగి తిరిగి వెంట్రుకవాసిలో బయటికొచ్చి నిలబడింది. జనం అయ్యో అన్నారు.

డాక్టరు బంతిని చూడటంలేదు. తన కుడిచేతిని చూసుకుంటున్నాడు. అది కర్రను పట్టుకుని, కొట్టిన చోటే, బుద్ధిగా ఉంది.

"పడిందా?" అంది అత్తగారు.

"పడలేదు అత్తయ్యా. వాలు కాస్త తప్పు చూశాను. ఓడిపోయాను."

"ఓడినవాడి గొంతులా లేదే?"

లాయరు వచ్చాడు. ఆట అయ్యాక చేయి కలపడం మామూలే. ఆయన మాత్రం బావ కుడిచేతిని రెండు చేతులతో పట్టుకుని వదల్లేదు.

"నేను బంతిని చూడలేదు బావా."

"తెలుసురా."

"అదరలేదు."

"అదరలేదు," అన్నాడు డాక్టరు. కళ్ళు తుడుచుకోవడానికి రెండో చేతిలో కర్ర అడ్డొచ్చింది.

భార్య దగ్గరికొచ్చి ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. "ఏమిటి అదరనిది? ఏం దాస్తున్నారు మీరిద్దరూ?"

"ఇంటికెళ్ళాక చెప్తాను," అన్నాడు డాక్టరు. "అంతా చెప్తాను. విన్నాక నువ్వు వద్దంటే పొద్దున ఆపరేషను మానేస్తా." తర్వాత వెళ్ళి అత్తగారి కుర్చీ ముందు గొంతుక్కూర్చున్నాడు.

ఆవిడ చేతులు చాచి గాలిలో తడిమి ఆయన భుజం పట్టుకుంది. "నేను మాట్లాడబట్టే ఓడిపోయారటగా? వెనకాల అనుకుంటున్నారు. ఆ కోపం పొద్దున నా కన్ను మీద చూపించరు కదా?"

"మీ అమ్మాయి సరేనంటే, తలస్నానం చేసి రండి అత్తయ్యా. తర్వాత కొన్నాళ్ళు తలమీద నీళ్ళు పోసుకోనివ్వను. అక్కడ మాత్రం మాట్లాడేదంతా నేనే. మీరు కదలకుండా ఊ కొట్టాలి. నేను ఎక్కడైనా ఆగిపోతే ఇవాళ్టిలాగే అడగండి, ఏం చేస్తున్నారూ అని. మరిచిపోరు కదా?"

అత్తగారు అప్పుడే బల్లమీద పడుకున్నట్టు తల కదపకుండా, కనబడని కన్నూ కనబడీ కనబడని కన్నూ రెండూ పైకెత్తి, "ఊ," అంది.