గచ్చకాయల ఫైనల్

అరవై మందికి సరిపడా మిరపకాయలు చీల్చి, చింతపండు గుజ్జు కూరి, శనగపిండి కలిపి మూత పెట్టి, చేతులైనా సరిగ్గా తుడుచుకోకుండా నాలుగంతస్తుల మెట్లు గబగబా దిగింది దమయంతి. యాభై రెండేళ్ల మనిషికి ఈ ఉరుకేమిటంటారా? ఇవాళ ఆమెకు ఫైనల్ ఉంది మరి!

అశోక్‌నగర్‌లోని ఆ అపార్ట్‌మెంట్‌కు ఆమె భర్త కిషన్ రావు సెక్రటరీ. ఏటా వార్షికోత్సవం మీటింగ్‌లో "మిర్చీలకేంది, మా ఇంటామె ఉన్నది గదా" అని మాటిచ్చేది ఆయన, సలసల కాగే నూనె ముందు నిలబడేది ఈమె. మగవాళ్లకు క్యారమ్స్, ఆడవాళ్లకు ముగ్గుల పోటీ. ఆ ముగ్గైనా వేసే తీరిక ఆమెకు ఏనాడు దొరికింది గనక! ఈసారి మూడో అంతస్తు రాగిణి పట్టుబట్టి గచ్చకాయలాట పెట్టించింది. ఒక గింజ పైకెగరేసి, అది కిందపడేలోగా నేల మీదివి ఏరి, దాన్ని పట్టుకోవాలి. అంతే ఆట. "ఈ వయసుల గచ్చకాయలా? నవ్వుతరే" అన్నాడు కిషన్ రావు. నవ్వితే నవ్వనీ అనుకుంది. ఎన్నేళ్లకో మళ్లీ ఆ నున్నటి గింజ అరచేతిలో పడగానే ఒళ్లంతా ఝల్లుమంది. వరసగా ముగ్గురిని ఓడించేసింది.

ఫైనల్లో ఎదురుగా కూర్చున్నది వాచ్‌మన్ బుగ్గయ్య భార్య తిమ్మమ్మ. పాలమూరు మనిషి, మట్టి పనికి కాయలు కాసిన చేయి, అయినా ఏం వేగమమ్మా! తలా ఒక ఆట గెలిచారు. ఆఖరాటలో నాలుగు గింజలూ ఒక్క ఊపున ఏరాలి; ఎక్కువ ఏరినవాళ్లదే గెలుపు, ఎగరేసింది జారితే మాత్రం ఓడినట్టే. దమయంతికి మూడే చిక్కాయి. తిమ్మమ్మ ఎగరేసింది. నాలుగూ గుప్పిట్లోకి వచ్చేశాయి, పైకెళ్లిన గింజ కూడా వచ్చి చేతిలో పడింది. సరిగ్గా అప్పుడే కిషన్ రావు వచ్చి నిలబడ్డాడు. తిమ్మమ్మ తలెత్తి ఆయన్ని చూసింది. పట్టుకున్న గింజను వేళ్లు తెరిచి వదిలేసింది. దమయంతి కళ్లారా చూసింది.

దమయంతి గెలిచిందని అందరూ చప్పట్లు కొట్టారు.

"గెలిచినవ్ గదా, ఇగ లే. నూనె పొయ్యి మీద పెట్టొచ్చిన. జనం ఆకలి మీదున్నరు" అన్నాడు కిషన్ రావు.

దమయంతికి ఒళ్లు మండిపోయింది. పెళ్లైన ముప్పై ఏళ్లకు తనదంటూ ఒక్క ఆట దొరికితే, అదీ ఆయన మొహం చూసి వదిలేసిన గెలుపా!

"ఇది చెల్లదు. తిమ్మమ్మా, మళ్ల ఎయ్యి."

"వద్దమ్మా, సారు కోపానికొస్తడు."

"సారు ఆడుతలేడు. ఆడుతున్నది నేను. నాతోని ఆడు."

తిమ్మమ్మ ఒక్క క్షణం ఆమె మొహంలోకి చూసి, కొంగు నడుముకు బిగించింది. గింజ ఎగిరింది. ఈసారి మూసిన గుప్పిట తెరవలేదు.

ఓడిపోయింది దమయంతి. అందరి ముందూ, నికార్సుగా ఓడిపోయింది. "అబ్బ, ఏం చెయ్యే నీది!" అని అరిచి తిమ్మమ్మ చెయ్యి పట్టుకుంది. నవ్వు ఆగడం లేదు.

"ఇగనన్న లేస్తవా?" అన్నాడు కిషన్ రావు.

"పైకి పోయి స్టవ్ బంద్ జెయ్యుండ్రి" అంది గింజలు నేల మీద చల్లుతూ. "మేం ఇంకో ఆట ఆడుతం."