ఊరికే ఉండే మనిషి

ప్యాంటు కాళ్ళు రెండూ పట్టుకుని తలకిందులుగా దులిపితే మడతల్లో ఇరుక్కున్న ఉప్పూ ఇసకా లాండ్రీ గది గచ్చు మీద జలజల రాలాయి. అనంతలక్ష్మి వాటిని చీపురుతో మూలకు నెట్టి, నారింజరంగు డ్యూటీ జాకెట్ అందుకుంది. మోచేతుల దగ్గర ఉప్పు తెల్లగా అట్టకట్టి ఉంది. గోటితో గీకింది. బూట్లు అప్పటికే తోమి గుమ్మం పక్కన బోర్లించింది. పొద్దున్న ఏడున్నర అయింది. భర్త జనార్ధనరావు రాత్రి డ్యూటీ దిగి వచ్చి, వేడన్నంలో చారు పోసుకుని తిని, పడకగది తలుపు వేసుకుని అరగంటయింది.

ఆయన చేసేది రోడ్ల కంపెనీలో ట్రక్కు నడపడం. చలికాలం వస్తే రాత్రంతా మంచు కురిసే దారుల వెంట తిరుగుతూ ఉప్పు చల్లాలి. పెద్ద హైవే మీద ఉప్పు మానేసి వేరే మందు వాడుతున్నారని అంటారు గానీ, ఆయన బండి తిరిగే కొండదారుల్లో, ప్రైవేటు యార్డుల్లో ఇప్పటికీ ఉప్పే. మంచు గడ్డకట్టదు, కార్లు జారవు, జనం పొద్దున్నే స్కీ ఆటల కొండకు క్షేమంగా చేరతారు. ఉప్పు మాత్రం దారిలో ఆగిపోదు. ఆయన బూట్లతో, జేబులతో, సాక్సులతో ఇంటికొస్తుంది.

తొట్టిలో గోరువెచ్చటి నీళ్ళు పట్టి జాకెట్ ముంచింది. చేతులు నీళ్ళలో పెట్టేముందు ఒక్క క్షణం ఆగి, పళ్ళు బిగపట్టడం అలవాటు. బొటనవేళ్ళూ చూపుడువేళ్ళూ పక్కల నిలువునా పగిలాయి. ఆ పగుళ్ళలోకి ఉప్పునీళ్ళు దిగగానే కళ్ళెంట నీళ్ళొస్తాయి, తర్వాత మొద్దుబారుతుంది. రాత్రిళ్ళు వ్యాజిలీన్ పూసి పాత సాక్సులు తొడుక్కుని పడుకుంటుంది. చింతపండు పిసికితే ప్రాణం పోతుంది. అలాగని చారు మానేసిందా అంటే లేదు, చారు లేకపోతే ఆయనకు ముద్ద దిగదు. గరిటెతో పిసుకుతుంది.

పక్కనే వాషింగ్ మెషిన్ ఉండగా ఈ చేత్తో జాడించడం ఏమిటంటే, దానికో కథ ఉంది. ఈ ఊరొచ్చిన మొదటి చలికాలం బట్టలు నేరుగా మెషిన్‌లోనే వేసేది. వసంతం వచ్చేసరికి అది లారీలా గోలపెట్టి ఆగిపోయింది. చూడ్డానికొచ్చిన మెకానిక్ లోపలి ఇనుమంతా ఉప్పు తినేసిందన్నాడు. కొత్త మెషిన్ కొన్న రోజే జనార్ధనరావు గట్టిగా చెప్పాడు.

"ఇకనించి ముందు చేత్తో రెండు జాడింపులు జాడించి, ఆ తర్వాత దాంట్లో వెయ్. ఇది కూడా పోతే మళ్ళీ కొనలేం."

చేతులు పోతే కొనక్కర్లేదు మరి. అలా మెషిన్‌కు చాకిరీ చెయ్యడం కూడా ఆమె పనుల్లో చేరింది.

ఒకసారి ఆయన మర్చిపోయిన టిఫిన్ డబ్బా ఇవ్వడానికి డిపోకు వెళ్ళింది. అక్కడ ఒక మనిషి వేడినీళ్ళ పైపుతో ట్రక్కు అడుగుభాగం కడుగుతున్నాడు. ఇంకో మనిషి లైటు పట్టుకుని వెల్లకిలా పడుకుని, తుప్పు ఎక్కడ మొదలయిందో వెతికి వెతికి గ్రీజు రాస్తున్నాడు. డ్యూటీ దిగాక నలభై నిమిషాలు కడగాల్సిందేనట, ఆ కడిగినంతసేపూ కూడా డ్యూటీ కిందే లెక్కట. కంపెనీ తెలివితక్కువదేం కాదు, ఉప్పు దేన్ని తింటుందో దానికి బాగా తెలుసు. కంపెనీ ఉప్పు జనార్ధనరావు తింటున్నాడు, ఆ ఉప్పు ఆమె చేతుల్ని తింటోంది. ఈ రెండో సంగతి కంపెనీ కాగితాల్లో లేదు. అనంతలక్ష్మికి ఆరోజు ఆ ట్రక్కు మీద అసూయ కలిగింది. ఆ మాట ఎవరితో అనగలదు?

ఈ ఊరి పేరు వైయూరు. గుడివాడలో ఉన్న అక్క సరోజకు ఆ పేరు ఎన్నిసార్లు చెప్పినా ఉయ్యూరు అనే వినపడుతుంది. చెల్లెలు న్యూజిలాండు వెళ్ళి ఉయ్యూరులో కాపురం పెట్టిందని నలుగురికీ చెప్పి నవ్వుతుంది. నిజానికి వచ్చిన కొత్తలో మూడేళ్ళు ఆక్లండులో, పాపటోయిటోయిలో ఉన్నారు. నలభై ఏళ్ళకు చేరువలో జనార్ధనరావు డిప్లొమా చదవడానికి స్టూడెంటుగా వచ్చాడు. ఇంటద్దె పంచుకోవడానికి నలుగురు కుర్రాళ్ళను చేర్చుకున్నారు. ఆంటీ వంట బాగుంటుందని వాళ్ళూ, ఆంటీ ఎలాగూ వండుతుంది కదా అని ఆయనా అనుకున్నారు. అందరికీ వండింది. తర్వాత ఆయన ట్రక్కు లైసెన్సు తెచ్చుకున్నాడు, ఇక్కడ పని దొరికింది, పెట్టెలు సర్దింది. పెళ్ళయి పంతొమ్మిదేళ్ళలో ఆమె సర్దని పెట్టె లేదు.

ఇవాళ మాత్రం ఆమె చెవులు పడకగది వైపే ఉన్నాయి. ఆయన దిండు కింద ఫోన్ ఉంది. అది మోగాలి.

పాపటోయిటోయిలో పరిచయమైన శకుంతల ఇప్పుడు బస్సులో నాలుగు గంటల దూరంలోని హామిల్టన్‌లో ఒక పెద్ద లాండ్రీలో పనిచేస్తోంది. వృద్ధాశ్రమాల దుప్పట్లు ఉతికి, ఆరేసి, మడతపెట్టే చోటు. అక్కడ ఇంకో మనిషి కావాలంటే అనంతలక్ష్మి పేరు చెప్పింది. కూతురు కీర్తన స్కూలు లాప్‌టాప్‌లో అప్లికేషన్ నింపింది. అనుభవం అనే చోట ఏం రాయాలో ఇద్దరికీ తోచక ఖాళీగా వదిలేశారు. ఫోన్ నంబరు దగ్గర జనార్ధనరావుది ఇచ్చారు, ఆమెకంటూ ఫోన్ లేదు. సూపర్‌వైజరు శుక్రవారం పొద్దున్న మాట్లాడుతుందని శకుంతల చెప్పింది. ఆ పని దొరుకుతుందా లేదా అన్నదే వారం రోజులుగా ఆమెకు ఊపిరి. పని కూడా కాదు, తను చేసేదాన్ని ఎవరో ఒకరు పని అనాలి.

ఫోన్ దగ్గర పెట్టుకుంటానని రాత్రే అడిగింది. డిపోవాళ్ళు పిలిస్తే తను లేవాలి కదా అన్నాడాయన.

పది గంటలు దాటాక మోగింది. అనంతలక్ష్మి చేతులు తొట్టిలో ఉన్నాయి. తుడుచుకుని పరిగెత్తేలోపే గోడవతల నుంచి నిద్రగొంతు వినపడింది.

"యెస్ మేడమ్. హజ్బెండ్ మేడమ్. నో నో, నో జాబ్. సిక్స్ ఇయర్స్, సింప్లీ ఎట్ హోమ్. షి ఈజ్ ఫ్రీ మేడమ్, ఫుల్లీ ఫ్రీ. ఎనీ టైమ్."

ఆయన చెడ్డవాడు కాదు. భార్య గురించి మంచి మాటే చెప్పానని ఆయన నమ్మకం. వేరే బాధ్యతలేం లేవు, ఎప్పుడు పిలిస్తే అప్పుడు వస్తుంది అని ఆయన భావం. తెలుగులో అనుకుని ఇంగ్లీషులో చెప్పాడు, అంతే. ఊళ్ళో ఎవరడిగినా ఆయన చెప్పే మాట అదే, "మా ఆవిడా? ఊరికే ఇంట్లోనే ఉంటుంది." మన భాషలో ఆ మాట విచిత్రమైంది. పనీపాటా లేకుండా కూచున్నా ఊరికే, పైసా పుచ్చుకోకుండా ఒళ్ళు హూనం చేసుకున్నా ఊరికే. రెంటికీ ఒకటే మాట పెట్టినవాడెవడో గానీ మగవాడే అయ్యుంటాడు.

తలుపు తీసేసరికి ఆయన ఫోన్ పక్కన పెట్టేశాడు.

"ఎక్స్‌పీరియన్స్ ఉన్నవాళ్ళు కావాలంట. నీకు లేదుగా. సర్లే, ఇంకోటి చూద్దాం." గోడ వైపు తిరిగి దుప్పటి కప్పుకున్నాడు.

అనంతలక్ష్మి మంచం దగ్గరకు వెళ్ళింది. మంచం కింద ఆయన విప్పిపడేసిన సాక్సులున్నాయి. వంగి తీయబోయి, వాటిని అక్కడే వదిలేసి ఫోన్ తీసుకుంది. ఆ ఇంట్లో ఆమె ఆయన్ని అడక్కుండా ఏదైనా తీసుకోవడం అదే మొదలు.

హాల్లోకి వచ్చి వేలితో నొక్కితే ఫోన్ పలకలేదు. పగిలి గరుకెక్కిన వేళ్ళను ఆ అద్దం గుర్తించదు. స్కూలు సెలవులని కీర్తన సోఫాలో దుప్పటి కప్పుకుని టీవీ చూస్తోంది.

"ఇప్పుడొచ్చిన నంబరుకి కలుపు," అంది.

"మమ్, డాడ్ ఆల్రెడీ టాక్డ్..."

"కలపవే."

కీర్తన కలిపి స్పీకర్ పెట్టింది. అవతల గొంతు వినపడగానే అనంతలక్ష్మి కుర్చీలో కూర్చోకుండా నిటారుగా నిలబడింది.

"మేడమ్, ఐయామ్ అనంతలక్ష్మి. మై హజ్బెండ్ టోల్డ్ రాంగ్. ఐ వాష్. సాల్ట్ ట్రక్ క్లోత్స్. ఫోర్ వింటర్స్. హ్యాండ్ ఫస్ట్, మెషిన్ నెక్స్ట్. డ్రై, ఐరన్, ఫోల్డ్."

ఏ కంపెనీకి చేశావు, ఎంతిచ్చేవారు అని అడిగిందావిడ.

"నో మేడమ్. హౌస్ ఓన్లీ. ఫ్రీ."

భర్త అన్న మాటే ఆమె కూడా అంది.  అవతల ఆవిడ చిన్నగా నవ్వింది, అది సంతోషంతో నవ్వినట్టు లేదు. నేనూ ఇరవై రెండేళ్ళు అలాగే చేశాను అంది. నిన్న సాయంత్రం ఒకమ్మాయి చెప్పకుండా మానేసింది, రేపు పొద్దున్న ఆరింటికి రాగలవా అని అడిగింది. కీర్తన నోరు తెరుచుకుని తల్లి వంక చూస్తోంది. వస్తానని చెప్పింది అనంతలక్ష్మి. ఫోన్ పెట్టేసింది. లాండ్రీ గదిలోకి వెళ్ళి, నీళ్ళు చల్లారిపోయిన తొట్టిలో చేతులు పెట్టి, జాకెట్ పిండి మెషిన్‌లో వేసింది. పళ్ళు బిగపట్టడం మర్చిపోయింది.

ఒంటిగంటకు జనార్ధనరావు లేచి కంచం ముందు కూర్చున్నాడు. బయట దండెం మీద వేస్తే బట్టలు కర్రల్లా బిగుసుకుంటాయి గనుక, జాకెట్టూ ప్యాంటూ కట్టెల పొయ్యి ముందు కుర్చీల మీద ఆరుతున్నాయి. వంకాయ కూర వడ్డించి విషయం చెప్పింది. మూడింటికి బస్సు అంది. శకుంతల గదిలో చాపేసుకుంటాను అంది. అరుస్తాడని అనుకుంది. ఎదురుచెప్పడానికి పొద్దున్నుంచీ మాటలు కూడా సిద్ధం చేసుకుంది.

"రేపేనా?" అన్నాడాయన. ముద్ద నమిలి మింగాడు. "వెళ్ళు. నాలుగు డబ్బులొస్తాయిగా, మంచిదే."

"మరి ఇల్లు?"

"ఇంటికేముంది? కీర్తన లేదూ. సెలవులేగా, ఊరికే ఉంటుంది."

 ఆయన మజ్జిగ అడిగాడు. పోసింది.  పద్నాలుగేళ్ళ పిల్ల. కంచం ఎత్తడం కూడా పూర్తిగా నేర్పలేదు, తనలా కాకూడదనే నేర్పలేదు. వెంట తీసుకెళ్దామంటే శకుంతల ఫ్లాటులో ఇప్పటికే ఆరుగురు, పిల్ల స్కూలు ఇక్కడ. రెండు నెలల్లో చిన్న గది చూసుకుని పిలిపించుకోవచ్చు. రెండు నెలలంటే చలికాలం మిగిలిందంతా.

తను ఉండిపోతే కూతురి చేతులు బాగుంటాయి. ఏ తల్లయినా ఉండిపోవాలి. అనంతలక్ష్మికి ఆ సంగతి తెలుసు, తెలిసినందుకు ఒళ్ళు మండింది. ఆయన ఒక్క జత బట్టలు ఉతుక్కుంటే తీరిపోయే సమస్య ఇది. ఆ దారి ఆయనకు తట్టనే లేదు, తడుతుందని ఆమెకూ ఆశ లేదు. పంతొమ్మిదేళ్ళుగా ఉన్న చోటే ఉంది, దానివల్ల ఎవరికేం తెలిసింది? సంచీలో మూడు చీరలూ రెండు స్వెట్టర్లూ పెట్టుకుంది. దారిలో తినడానికి బిస్కెట్లు తెచ్చుకుంటానని చెప్పి, ఇక్కడ డెయిరీ అనే వీధి కొట్టుకు వెళ్ళింది. తిరిగొచ్చాక లాండ్రీ గదిలోకి వెళ్ళి ఒక నిమిషం తలుపు వేసుకుంది.

బస్సాగే చోటుకు కీర్తన సంచీ మోసింది. ఊళ్ళోని సైనిక మ్యూజియం ముందున్న యుద్ధ టాంకు మీద సన్నగా మంచు పడుతోంది, రువాపెహు కొండ కనపడటం లేదు. తల్లీకూతుళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా రోడ్డు వైపు చూస్తూ నిలబడ్డారు.

"టెక్స్ట్ మీ ఆన్ డాడ్స్ ఫోన్, ఓకే?"

"నాకు ఫోనేదీ? శకుంతల ఆంటీది తీసుకుని చేస్తాలే."

"ఇట్స్ ఫైన్, మమ్. ఐ కెన్ డూ ఇట్. ఇట్స్ జస్ట్ వాషింగ్."

"జస్ట్ అనకే," అంది అనంతలక్ష్మి. గొంతు కటువుగా వచ్చింది. కూతురి రెండు చేతులూ పట్టుకుని, అరచేతులు పైకి తిప్పి చూసి, వదిలేసింది. "ఆ మాట ఎప్పుడూ అనకు."

బస్సు వచ్చింది. డ్రైవరు సంచీ తీసుకుని కింద పెట్టాడు. అనంతలక్ష్మి కిటికీ పక్కన కూర్చుని చెయ్యి ఊపిందో లేదో, అద్దానికి ఆవిరి పట్టి కీర్తనకు కనపడలేదు. బస్సు ఉత్తరం వైపు మలుపు తిరిగింది. నిన్న రాత్రి చల్లిన ఉప్పు వల్ల కొండదారి తెరిచే ఉందని బస్సులో ఎవరో అనుకుంటున్నారు.

ఐదింటికి చీకటి పడింది. జనార్ధనరావు డ్యూటీకి తయారవుతూ వంటింట్లోకి తొంగిచూశాడు.

"అమ్మ వెళ్ళిందా?"

"యా."

"మంచం కింద సాక్సులున్నాయి, జాడించి వెయ్యమ్మా. రేపటికి కావాలి."

ఆయన బూట్లు తొడుక్కుని వెళ్ళిపోయాడు. కీర్తన సాక్సులు రెండువేళ్ళతో పట్టుకుని లాండ్రీ గదిలోకి వెళ్ళి లైటు వేసింది. గచ్చు తుడిచి ఉంది, మూలన ఉప్పు లేదు. మెషిన్ మూత తెరిచి ఆరబెట్టి ఉంది. తొట్టి అంచు మీద రబ్బరు గ్లౌజుల జత ఉంది. ఆ ఇంట్లో అలాంటివి ఎప్పుడూ కొనలేదు. కవరు కూడా విప్పని పసుపుపచ్చ గ్లౌజులు, అనంతలక్ష్మి చేతులకు ఏ విధంగానూ పట్టనివి, అట్ట మీద స్మాల్ అని రాసి ఉంది.