పొగ చొక్కా

మజ్జిగ బిస్కెట్లకి పిండి కలుపుతోందే గానీ ఆర్డిత్ మనసంతా ఆకాశంలోనే ఉంది. ఇవాళ హెలికాప్టర్ వెనక సీటు తనది! అడవిలో పొదలు కాల్చే నిప్పు పైనుంచి పెట్టేది తనే!

"పొయ్యి వెలిగించడం, అడవి వెలిగించడం ఒకటే అనుకున్నావా?" అన్నాడు మొగుడు వెండెల్, నిన్న రాత్రి. మంట హద్దు దాటకుండా కింద కాపలా కాసే జట్టుకి అతనే పెద్ద. అత్తగారు యూలా ఊరుకుంటుందా? "నువ్వు ఆకాశంలో ఊరేగుతుంటే వాడి చొక్కాలెవరు ఉతుకుతారే?"

పెళ్ళయిన నాటి నుంచీ ఉతుకుతూనే ఉంది ఆర్డిత్. చలికాలమంతా మసి, చెమట, పైన్ జిగురు. ఒక్కటి మాత్రం ఉతకలేదు. ఎవరైనా మొదటిసారి అడవి తగలబెట్టి వస్తే, ఆ చొక్కాని నీళ్ళలో ముంచకుండా ఇంటి షెడ్డులో మేకుకి తగిలిస్తారు. అది జట్టు ఆనవాయితీ. వెండెల్ మొదటి చొక్కా అక్కడే ఉంది. దానికి దుమ్ము దులపడం కూడా ఆర్డిత్ పనే.

హెలికాప్టర్ లేచింది. కింద పైన్ చెట్ల నడుమ పొదలు ఎంతగా కమ్ముకున్నాయంటే, కౌజు పిట్ట పిల్లలతో నడవడానికి జాగా లేదు. ఇవి కాలితేనే గడ్డి మొలిచేది, పిట్టలు తిరిగొచ్చేది. ఒళ్ళో యంత్రం. అందులోని పింగ్‌పాంగ్ బంతుల్లాంటి గుళ్ళకి సూదితో చుక్క మందు ఎక్కుతుంది, నేల మీద పడ్డాక భగ్గుమంటాయి.

రేడియోలో వెండెల్ గొంతు. పైలట్‌తో అంటున్నాడు: "రోస్కో, ఆవిడకి చేతకాకపోతే చెప్పు. దిగిరండి, నేనెక్కుతా."

ఆర్డిత్‌కి ఒళ్ళు మండింది. రేడియో మీట నొక్కింది.

"రోస్కోని కాదు, నన్నడుగు వెండెల్. నీ జట్టంతా హద్దు బయటికి వచ్చిందా? ముందది చెప్పు."

వెండెల్ కేకలేసి జట్టుని లెక్కపెట్టాడు.

"వచ్చింది."

"అయితే వదుల్తున్నా."

గుళ్ళు టకటకా రాలాయి. ఒకటి, ఇంకొకటి, ఆ వెనక వరసంతా అంటుకుంది! తెల్లటి పొగలు లేచాయి, మంట నేలబారున, చెప్పిన మాట వింటూ పాకింది. ఆర్డిత్ గట్టిగా అరిచింది, నవ్వింది, కళ్ళు తుడుచుకుంది. నేనే! ఈ చేతులే!

సాయంత్రం గుమ్మంలోనే అత్తగారు చెయ్యి చాపింది. "ఇద్దరివీ విప్పి మెషిన్లో పడెయ్. పనిలో పని."

ఆర్డిత్ షెడ్డులోకి నడిచింది. వెండెల్ చొక్కా పక్కనే కొత్త మేకు దిగేసి, తన చొక్కా తగిలించింది. సుత్తి చప్పుడుకి వెండెల్ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఆ చొక్కాకేసి చూసి అడిగాడు.

"మరి రేపటికి నా చొక్కా?"

"సబ్బు పై అరలో ఉంది," అంది ఆర్డిత్, సుత్తి అతని చేతికిస్తూ.