మూడో ఆదివారం గంట

 ఆ ఆదివారం సంతోషమ్మ గంజి కూడా తాగకుండా గుడికొచ్చి, ఆడవాళ్ళ వైపు చాపమీద తల్లి బుచ్చవ్వ పక్కన ముడుచుకుని కూర్చుంది.

లక్సెట్టిపేట దగ్గరి ఆ పల్లెలో మిషన్ గుడికి రెండు కట్టుబాట్లు. పెళ్ళి కుదిరితే మూడు ఆదివారాలు అయ్యగారు ఇద్దరి పేర్లూ చదివి, అభ్యంతరముంటే చెప్పమని అందరినీ అడగాలి. ఎవరూ చెప్పరు. ఎన్నడూ చెప్పలేదు. రెండోది, ఆరాధన చివర గంట మోగుతున్నంతసేపు అందరూ మోకాళ్ళ మీద తల వంచుకుని ఉండాలి. ఆ గంట కొట్టేది సంతోషమ్మ తండ్రి పేతురు. కొట్టేది ఏడు దెబ్బలు. రజాకార్ల గడబిడలో కూడా ఆరు కొట్టలేదు, ఎనిమిది కొట్టలేదు. ఈ మధ్య కుడిభుజం నొప్పి పట్టుకుంది. గంట కొట్టొచ్చి భుజానికి తైలం రాయమని కూతుర్ని పిలుస్తుంటాడు.

ఇవాళ మూడో ఆదివారం. పెళ్ళికొడుకు ఏలియా మగవాళ్ళ ముందు వరసలో కూర్చున్నాడు. నస్పూర్ బొగ్గుబాయిలో పని, కంపెనీ క్వార్టర్, ఇంకేం కావాలి అన్నారందరూ. చనిపోయిన మొదటి భార్య నడివేసవిలో కూడా నిండుచేతుల రవికెలే ఎందుకు తొడుక్కునేదో ఎవరూ అడగలేదు. ఒకసారి ఆమె క్రిస్మస్‌కు వచ్చినప్పుడు, బావి దగ్గర నీళ్ళు తోడుతుంటే రవికె పైకి జరిగి, వాతలు తేలిన ఆ చెయ్యి సంతోషమ్మ కంటబడింది. అప్పటినుంచి ఏలియా దగ్గినా ఆమెకు గుండె గుభేలుమంటుంది.

రవికెలో మడిచి దాచిన ఉత్తరం గుచ్చుకుంటోంది. దూరాన మిషన్ ఆసుపత్రిలో నర్సు పని నేర్పుతారట, సోమవారం పొద్దుటికల్లా రమ్మన్నారు. ఆ మాట ఎత్తినందుకే బాపు మండిపడ్డాడు. "గడప దాటితే కాళ్ళు ఇరుగ్గొడ్త" అన్నాడు. అన్నంత పనీ చేసే మనిషి.

"ఎవరికైనా అభ్యంతరమున్నచో ఇప్పుడే తెలియజేయవలెను" అని చదివి, అయ్యగారు జవాబు కోసం ఆగకుండానే కాగితం తిప్పారు.

సంతోషమ్మ లేచి నిలబడింది. లేచానని చుట్టూ తలలు తనవైపు తిరిగాక గానీ ఆమెకే తెలియలేదు.

"కూసో," బుచ్చవ్వ కొంగు పట్టి గుంజింది. "నీ బాపు సంపుతడు. కూసో బిడ్డా."

"నాకున్నది," అంది సంతోషమ్మ.

అయ్యగారు కళ్ళద్దాలు సవరించుకున్నారు. పెళ్ళికూతురే అభ్యంతరం చెబితే ఏం చేయాలో పాపం ఆయన పుస్తకంలో లేదు. "కారణం చెప్పాలె గదమ్మా?"

వారం రోజులు వల్లెవేసుకున్న మాటలన్నీ ఎటో పోయాయి. "నాకు భయమైతాంది అయ్యగారూ. గా మనిషంటే భయం. ఇప్పుడు చెప్పకుంటే ఇగ ఎన్నడు చెప్పనేమోనని ఇంకా భయం."

ఏలియా లేచాడు. "మాటిచ్చినంక గిదేం తమాష? దాన్ని కూసోవెట్టుండ్రి!"

"గుడిల ఉన్నం, ఏలియా. జర ఆగు. గంటైనంక పెద్దమనుషులు పిల్లను కూసోవెట్టి మాట్లాడుతరు," అన్నారు అయ్యగారు గాభరాగా.

కూర్చోబెట్టి మాట్లాడటమంటే ఏమిటో సంతోషమ్మకు తెలుసు. చుట్టూ పదిమంది మగవాళ్ళు కూర్చుంటారు, బాపు ఒక్క చూపు చూస్తాడు, తను తలూపుతుంది. ఏలియాకన్నా తన తలంటేనే ఆమెకు ఎక్కువ భయం వేసింది.

పేతురు కూతురివైపు చూడకుండా గంట దగ్గరికి నడిచాడు. అందరూ మోకాళ్ళూని తలలు వంచారు. మొదటి దెబ్బ మోగింది.

రెండో దెబ్బకు సంతోషమ్మ లేచింది. కొంగు ఇంకా తల్లి గుప్పిట్లోనే ఉంది. బుచ్చవ్వ తలెత్తలేదు, గుప్పిలి మాత్రం విప్పింది.

గడప అవతలే పేతురు, రెండు చేతులా తాడు పట్టుకుని. సంతోషమ్మ ఆగిపోయింది. కొడతాడనుకుంది. ఆయన ఎర్రబడ్డ కళ్ళతో ఆమెను పైనుంచి కిందిదాకా చూశాడు. తర్వాత ముఖం గంటవైపు ఎత్తి తాడు లాగాడు.

ఆమె పరుగెత్తింది. చెప్పులు గుడి ముందే ఉండిపోయాయి. జొన్నచేను గట్టున పడి, రోడ్డువైపు. నాలుగు. ఐదు. ఆరు. ఏడయ్యాక అందరూ లేస్తారు, ఏలియా లేస్తాడు, వాడికి సైకిలుంది. వెనక్కి చూడాలంటే భయం, చూడకపోతే ఇంకా భయం. ఏడు.

ఎనిమిది.

లెక్క తప్పాననుకుంది. తొమ్మిది. పది. గంట మోగుతూనే ఉంది. అది మోగుతున్నంతసేపు గుడిలో ఎవరూ మోకాళ్ళ మీంచి లేవరు. ఎంత మొండివాడైనా పెద్దల ముందు ఏలియా కూడా లేవడు. ఆ సంగతి గంట కొట్టే మనిషికి అందరికన్నా బాగా తెలుసు.

మంచిర్యాల బస్సు దుమ్ము రేపుకుంటూ వచ్చి ఆగింది. సంతోషమ్మ ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది.  బస్సు మలుపు తిరిగేదాకా గంట వినబడుతూనే ఉంది. బాపు భుజానికి ఈ పూట తైలం ఎవరు రాస్తారో అనుకుని, ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.