పొగలో వేలాడిన తయబాక్ కాయ

"కాయ రాలింది లూనింగ్! అమ్మ దాచిందట!"

వాగు అవతలి నుంచే కేకేస్తూ వచ్చాడు సాంతోయ్. నేను గరిటె పారేసి అత్తగారింటికి పరుగెత్తాను.

సాంతోయ్ నా భర్త. పెళ్లి చేసుకుంటావా అని అతను నన్నడిగింది, వాళ్లమ్మ పెరట్లోని తయబాక్ తీగ కిందే. చిలుక ముక్కుల్లాంటి నీలిపచ్చ పూలు, బారెడు గుత్తులు, ఇద్దరి తలలకూ తగులుతూనే ఉన్నాయి. అందుకే మా కొత్తింటికి ఆ తీగే కావాలని పట్టుబట్టాను. నాటిన కొమ్మలన్నీ కుళ్లిపోయాయి. ఈ ఏడాది గబ్బిలాలు కనికరించి పుప్పొడి మోయబట్టి అత్తగారి తీగకు ఒక్కటంటే ఒక్క కాయ కాసింది.

అత్తగారిని నేను నానాయ్ అంటాను, అంటే అమ్మ. గుమ్మంలోనే నవ్వుతూ ఎదురొచ్చింది.

"కంగారెందుకే? మొన్ననే రాలింది. భద్రంగా ఉంది."

ఎక్కడంటే, పొయ్యి పైన. చిక్కుడు, గుమ్మడి విత్తనాల పక్కన పొగలో వేలాడుతోంది. ఏ విత్తనాన్నయినా ఆవిడ అలాగే కాపాడుతుంది. తయబాక్ గింజ మాత్రం తడి ఆరితే చచ్చిపోతుందని కాలేజీలో చదువుకున్నాను. కొత్త కోడలిని కదా, సాంతోయ్‌ని మోచేత్తో పొడిచాను.

సాంతోయ్‌కి ఆ మొహమాటం లేదు. "అయ్యో అమ్మా! ఇది చిక్కుడు కాదే, ఎండితే చస్తుంది!"

నానాయ్ మొహం వాడిపోయింది. "మీకోసమే కదరా..."

కాయ దింపి, కత్తి ఆవిడ చేతిలోనే పెట్టాను. "మీరే కోయండి నానాయ్. చూద్దాం."

మొదటి గింజ ముడుచుకుపోయింది. రెండోదీ అంతే. నాకు ఏడుపొచ్చేసింది. నట్టనడుమ మాత్రం లావుపాటి గింజొకటి తడితడిగా మెరుస్తోంది. దాని పక్కనుంచి తెల్లటి వేరు తొంగి చూస్తోంది.

"కాయలోనే మొలకెత్తేసింది!" నానాయ్ పకపకా నవ్వింది. "అచ్చం వీడిలాగే, ఆగలేదు. చర్చిలో ఫాదర్ గారు పెళ్లి తేదీ చెప్పకముందే విందుకని పందిని కొని కట్టేశాడు కాదూ!"

"అమ్మా!" సాంతోయ్ చెవులు ఎర్రబడ్డాయి.

ఆవిడ గింజను తడి కొబ్బరిపీచులో చుట్టి నా అరచేతిలో పెట్టి, వేళ్లు తనే మూసింది.

"రేపు తెల్లారగానే మీ ఇంటికొస్తా. గుంత నువ్వు తవ్వరా. గింజ నా కోడలు పెడుతుంది. మునగాకేసి కోడి పులుసు నేను వండి తెస్తా. దాన్ని నాటేదాకా నన్ను మాత్రం మీ పొయ్యి దగ్గరికి రానివ్వకండి!"