జీడిపిక్కకు ఎన్ని సెకన్లు?

నేను ఒక స్టాప్‌వాచీని. ఎంతసేపు పట్టిందో ఠక్కున చెబుతాను. ఎందుకంత సేపు పట్టిందో మాత్రం నన్నెవరూ అడగరు. అడగకపోయినా ఈసారి చెప్పి తీరతాను.

ఎక్కడో చలిదేశంలో, కంటికి భూతద్దం తగిలించుకున్న మనుషుల చేతుల్లో పుట్టాను. ఓడెక్కి వచ్చి ఒక గోనెసంచుల మిల్లులో పడ్డాను. అక్కడి టైమ్‌కీపరు నన్ను జేబులో గుప్పిట బిగించి పట్టుకుని, ఏమీ ఎరగనట్టు మగ్గాల మధ్య తిరిగేవాడు. ఆయన జేబు చూడగానే, వేగం తెలిస్తే పని పెంచుతారని పనివాళ్లు నెమ్మదించేవారు. వాళ్లను బురిడీ కొట్టిస్తున్నానని ఆయనా, ఆయన్నే కొట్టిస్తున్నామని వాళ్లూ మురిసిపోయేవారు. నిజం చెప్పిన పాపానికి ఇరువైపులా తిట్లు తిన్నది నేను. మిల్లు మూతపడ్డాక ఒక విశ్వవిద్యాలయంలో ఎంబీఏ వాళ్ల ల్యాబుకు నన్ను దానం చేశారు. తమకు అక్కర్లేనివన్నీ మనుషులు చదువుకే ఇస్తారు కదా!

అక్కడ నన్ను చేతికి తీసుకున్న పిల్ల హంసవేణి. ఆపరేషన్స్ మేనేజ్‌మెంట్ చదువుతోంది, రెండో ఏడు. ఒక పనికి న్యాయంగా ఎంతసేపు పడుతుందో తేల్చడం ఆ చదువులో ఒక భాగం. ప్రాజెక్టు కోసం పలాస దగ్గర ఒక జీడిపప్పు కార్ఖానాకు వెళ్లాం. అక్కడ ఆడవాళ్లు కాలితో మర తొక్కుతూ, చేత్తో ఒక్కొక్క పిక్కనూ పెట్టి కోస్తారు. పెంకులోని జీడి రసం అంటితే చర్మం కాలిపోతుంది. అందుకని మధ్యమధ్య ఆగి చేతులకు ఆముదం రాసుకుంటారు.

మొదటి మర దాలమ్మది. ఇరవై ఏళ్లుగా అదే పీట. మమ్మల్ని చూడగానే వెనక్కి తిరిగి కేకేసింది. “సదువుకున్న పిల్ల మన పని సూడ్డానికొచ్చింది. దానికి మంచి మార్కులు రావాల. బేగి కొట్టండే!”

ఇక చూడండి, షెడ్డంతా ఊపందుకుంది. నన్ను చూసి నెమ్మదించే మనుషులే తెలిసిన నాకు అదో వింత. మేం కొలిచిన మూడు రోజులూ ఒక్కరు కూడా ఆముదం గిన్నె ముట్టలేదు. పిక్కకు ఆరు సెకన్లు పట్టింది. దానికి విశ్రాంతి సమయం కలపాలని పుస్తకంలో ఉంది. ఎవరూ ఆగలేదు కదా అని హంసవేణి ఆ గడిలో సున్నా వేసింది.

ఆ లెక్క చెప్పగానే కార్ఖానా షావుకారుకు పండగైంది. పిక్కకు ఆరు సెకన్ల చొప్పున రోజుకు ఎన్ని కొయ్యాలో ఖాయం చేసి, అది పూర్తయ్యేదాకా ఎవరినీ ఇంటికి కదలనివ్వలేదు. నెల తర్వాత రిపోర్టు ఇవ్వడానికి వెళ్లిన హంసవేణిని చూసి, దాలమ్మ చేతులు వెనక్కి దాచుకుంది. హంసవేణి పట్టి లాగి చూసింది. వేళ్ల సందుల్లో చర్మం నల్లబడి ఊడిపోతోంది.

“ఏటత్తా ఇది?”

“నీ ముందర సులకన కాకూడదని ఆ మూడ్రోజులూ నూని ముట్టనేదు తల్లీ. ఇప్పుడు ముట్టదామంటే టైమేదీ?”

పిల్ల ఏడ్చింది. నాకు ఒళ్లు మండింది. నేను చెప్పిన ఆరు సెకన్లు అబద్ధం కాదు. ఒక పిల్ల మీది అభిమానంతో వాళ్లు చేసిన పనిని కొలిచి, దాన్నే తెచ్చి వాళ్ల నెత్తిన రుద్దారు.

షావుకారు ఊళ్లో లేని రెండు రోజులు హంసవేణి మళ్లీ కొలిచింది. “నా కోసం ఏమీ చెయ్యొద్దు, ఎప్పట్లాగే చెయ్యండి” అని బతిమాలింది. ఆముదం రాసుకోవడం, నడుం నిటారు చేసుకోవడం అన్నీ కలిపితే ఎనిమిది సెకన్లు తేలింది.

ప్రాజెక్టు చూసే భుజంగరావు ప్రొఫెసరు మొహం చిట్లించారు. మొదటి లెక్కను ఆయన అప్పటికే నలుగురిలో గొప్పగా చెప్పుకున్నారు.

“చూడమ్మా, రెండోసారి వాచీ పాడై తేడా వచ్చిందని ఒక్క వాక్యం రాసెయ్. సంతకం పెట్టేస్తాను. లేదంటే నీ సెమిస్టరు పోతుంది.”

ఒక ముసలి వాచీ మీద నెపం వేస్తే అడిగేవాడెవడు? హంసవేణి నన్ను ఆయన బల్ల మీద పెట్టి, ఎదుట గోడగడియారం చూస్తూ నొక్కింది. గోడమీది సెకన్ల ముల్లు ఒక చుట్టు తిరగగానే ఆపింది. నేను సరిగ్గా అరవై చూపించాను.

“వాచీ బాగానే ఉంది సార్. తప్పు నాది. వాళ్లు నాకోసం పరుగెడుతున్నారని గుర్తుపట్టలేకపోయాను. అదే రాస్తాను.”

అదే రాసింది. ఆయన సంతకం పెట్టలేదు. సెమిస్టరు పోయింది.

నన్ను ల్యాబుకు తిరిగి అప్పగించే ముందు, ఆ ఎనిమిది సెకన్ల లెక్కను తెలుగులో రాసి దాలమ్మకు ఇచ్చింది. ఆ పూట ఆడవాళ్లంతా మరల ముందు కూర్చున్నారు గానీ, ఒక్కరూ కాలు కదపలేదు. షావుకారు ఊగిపోయాడు.

“మీరు కోసిందే కదా ఆరు సెకన్లు! మళ్లీ కొయ్యడానికేం?”

దాలమ్మ కాగితం ఆయన చేతిలో పెట్టింది. “అది మా పిల్ల కోసం కోసినాం బాబూ. నువ్వు మాకేటవుతావు?”

మధ్యాహ్నం దాకా మరలు మూగగానే ఉన్నాయి. ఆ తర్వాత షావుకారే దిగివచ్చి ఎనిమిది సెకన్లకు ఒప్పుకున్నాడు.

హంసవేణి మరో ప్రొఫెసరు దగ్గర ఆ ప్రాజెక్టునే మళ్లీ పెట్టి, ఆర్నెల్లు ఆలస్యంగా పట్టా పుచ్చుకుంది. భుజంగరావు గారు మాత్రం నన్ను విరిగిన కుర్చీల గదిలో పడేయించి, రిజిస్టరులో ‘పాడైనది’ అని రాయించారు. రాసుకోనివ్వండి. పలాస దగ్గర ఆ షెడ్డులో ఇవాళ్టికీ పిక్కకు ఎనిమిది సెకన్లే. ఆ లెక్క చెప్పింది నేనే.